మెంబరమ్మ గోవా శిక్షణ

గోవా
3 ఆగస్టు 2001

వదినకు ఈశ్వరి నమస్కారాలు.

నేను క్షేమం. మామూలు క్షేమం కాదు, ఏ.సీ. క్షేమం. దుప్పటి రెండు మడతలు వేసి కప్పుకున్నా పళ్లు టకటకలాడేంత క్షేమం.

"మండల పరిపాలన మీద శిక్షణ, పది రోజులు" అని తిమ్మప్ప మమ్మల్ని జీపు ఎక్కించినప్పుడు నేను నోటుబుక్కు, రెండు పెన్నులు, స్కేలు సర్దుకున్నాను. స్కేలు ఎందుకని నువ్వు నవ్వావు. నీ నవ్వే నిజమైంది. ఇక్కడ మాస్టరు లేడు, బోర్డు లేదు. సముద్రం ఒడ్డున ఐదంతస్తుల హోటలు ఉంది, కింది అంతస్తులో జూదశాల ఉంది. దాన్ని కాసినో అనాలట. జూదం అంటే పోలీసులు వస్తారు, కాసినో అంటే వెయిటర్లు వస్తారు.

అసలు సంగతి దారిలో తెలిసింది. మండల ప్రెసిడెంటు ఎన్నిక జరిగేదాకా మేం ఎంపీటీసీ మెంబర్లం ఆరుగురం ఇక్కడే ఉండాలి. పదకొండు మందిలో ఆరుగురు ఎవరి చేతిలో ఉంటే మండలం వాళ్లది. అవతలి వెంకటరాముడు మమ్మల్ని ఎత్తుకుపోతాడేమోనని తిమ్మప్ప ముందుగానే ఎత్తుకొచ్చాడు. ఆరుగురిలో ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ నల్లమ్మా.

నల్లమ్మ నీకు తెలుసు కదా, తిమ్మప్ప తోటలో కూలికి పోయే పెద్దామె. ప్రెసిడెంటు పదవి ఈసారి బీసీ మహిళకు రిజర్వు అయింది కాబట్టి ఆమెనే ప్రెసిడెంటును చేస్తాడట. చదువు రాదు, ఎదురు చెప్పదు, వేలిముద్ర చక్కగా పడుతుంది. ఇంతకు మించిన అర్హతలు ఇంకేం కావాలి? మా ఇద్దరిదీ ఒకటే గది. వచ్చిన రోజు ఆమె పరుపు మీద కూచుంటే నడుం దాకా దిగబడిపోయింది. "ఓయమ్మా, ఇది మింగేస్తాండాది నన్ను" అని లేచి కింద బండల మీద పడుకుంది. ఆ బండలు తాడిపత్రివి. మన జిల్లా నుంచి మాకంటే ముందొచ్చి ఇక్కడ స్థిరపడినవి అవే.

స్నానాలగదిలో పడుకుని స్నానం చేసే తొట్టి ఉంది. ఊరుకోబుద్ధి కాక బకెట్టుతో కొలిచాను. మన బిందెలతో చెప్పాలంటే ఇరవై. మన వీధికి ట్యాంకరు వచ్చిన రోజు ఇంటికి నాలుగు బిందెలు. అంటే ఐదు సంసారాల నీళ్లలో ఒక మనిషి కాళ్లు చాపుకోవచ్చు. నల్లమ్మ తొట్టిలో దిగలేదు. పక్కన నిలబడి చెంబుతో ముంచుకుని పోసుకుంది. మిగిలిన నీళ్లను నన్ను వదలనివ్వలేదు. రెండు రోజులు వాటితోనే గడిపాం.

ఇక్కడ వాన ఆగదు వదినా. అంత వానలోనూ పచ్చిక మీద పైపులు తిరుగుతూ నీళ్లు చల్లుతుంటాయి. తోటమాలి బసప్ప బళ్లారి వైపు మనిషి, కన్నడం మాట్లాడతాడు. "ఎందుకన్నా ఇది?" అని అడిగితే, "టైము పెట్టిన మిషను తల్లీ, దానికి వాన కనపడదు" అన్నాడు.

గదుల్లో ఫోన్లు పీకేశారు. గేటు దగ్గర తిమ్మప్ప కొడుకు హర్ష మనుషులు ఉన్నారు. ఈ ఉత్తరం బసప్ప పోస్టు చేస్తాడు. వెనక రాసిన అడ్రసు అతనిది. దానికే రాయి.

నీ తమ్ముడికి చెప్పు, నేను ఎక్కడికీ పారిపోలేదని. నా బిడ్డ ప్రశాంతికి జడ వేసేటప్పుడు గట్టిగా లాగొద్దు.

నీ మరదలు,
ఈశ్వరి


నక్కలదిన్నె
10 ఆగస్టు 2001

గోవా మహారాణి ఈశ్వరికి నక్కలదిన్నె అంగన్‌వాడీ టీచరు, నీ మొగుడి అక్క ఆంజినమ్మ దీవెనలు.

నీ ఉత్తరం ఇస్తూ పోస్టుమాన్ "గోవా నుంచి ఎవురక్కా నీకు?" అని మూడుసార్లు అడిగాడు. "పెండ్లి సంబంధం వచ్చినాది" అన్నాను. నలభై ఆరేళ్ల ముండమోపిని, నమ్మి తల ఊపుకుంటూ పోయాడు. సాయంత్రానికి ఊరంతా వరుడెవరని అడిగింది.

నీకు వాన ఆగడం లేదా? సంతోషం. ఇక్కడ మేఘం వచ్చింది. వచ్చి, చూసి, మన మొహాలు నచ్చక కర్ణాటకకు పోయింది. విత్తనాలు మూటల్లోనే ఉన్నాయి. నిన్ను జీపు ఎక్కించేటప్పుడు తిమ్మప్ప మీ చేలో వేయిస్తానన్న బోరు వేయించాడు. నాలుగు వందల అడుగులు పోయింది. దుమ్ము వచ్చింది. తెల్లగా, మెత్తగా, పౌడరు డబ్బాలో పోసుకునేంత మంచి దుమ్ము. నా తమ్ముడు తిప్పేష్ బోరు పక్కన నిలబడి నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లబడ్డాడు. పండగ బొమ్మలా ఉన్నాడు.

ట్యాంకరు వారం నుంచి రావడం లేదు. మండలంలో ఉన్నవే రెండు, ఒకటి తిమ్మప్పది, ఒకటి వెంకటరాముడిది. డ్రైవర్లను అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట: "అన్నోళ్లు గోవాలో ఉండారు. వాళ్లు చెప్తేనే బండి కదిలేది." అంటే మన నీళ్లు కూడా శిక్షణకే పోయాయన్నమాట. అందరూ పాత బండల క్వారీ గుంత నుంచి తెచ్చుకుంటున్నారు. ఆ నీళ్లు పచ్చగా ఉన్నాయి. అంగన్‌వాడీలో పిల్లలకు కాచి పోస్తున్నాను. ఇళ్లల్లో ఎవరు కాస్తున్నారో ఎవరు కాయడం లేదో నాకు తెలియదు.

వెంకటరాముడు మొన్న గోవా నుంచి ఒక పూట వచ్చి మీ ఇంట్లో కాఫీ తాగి పోయాడు. నా తమ్ముడు గంటసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. నాకు తెలిసిన మనిషే కదా, రెండు రోజులు పోతే కడుపులో ఆగక తనే కక్కుతాడు.

ప్రశాంతి జడ గట్టిగానే లాగుతున్నాను. నీ దగ్గర గారాలు పోయినట్టు నా దగ్గర కుదరదని దానికి తెలుసు.

ఆ తొట్టిలో ఒకసారి పడుకో. మా ఐదు ఇళ్ల వాళ్లం ఏమీ అనుకోం.

ఆంజినమ్మ


గోవా
16 ఆగస్టు 2001

వదినకు,

శిక్షణ పొడిగించారు. ఎన్నిక మీద ఎవరో కోర్టులో స్టే తెచ్చారట. తిమ్మప్ప మొహం మాడింది. మగ మెంబర్లు నలుగురూ మాత్రం ఆ కోర్టు చల్లగా ఉండాలని దీవిస్తున్నారు.

కాసినో చూశాను. తలుపు తీయగానే పొగ, చలి. కిటికీ లేదు, గోడ గడియారం లేదు. వరసగా యంత్రాలు. బిళ్ల వేసి పిడి లాగితే మూడు బొమ్మలు తిరుగుతాయి. మూడూ ఒకటే రకం వస్తే బిళ్లలు రాలతాయి. రాకపోతే యంత్రం ఒక పాట పాడి ఊరుకుంటుంది. హర్ష పొద్దున్నే తలా ఒక కప్పు నిండా బిళ్లలు ఇస్తాడు. మన అంగన్‌వాడీలో పిల్లలకు ఉప్మా పెట్టినట్టు.

దాసప్ప, ఆ గొర్రెల మెంబరు, టిఫిన్ తిన్న దగ్గర నుంచి యంత్రం ముందే. "ఏముందన్నా అందులో?" అంటే ఏమన్నాడో తెలుసా? "బోరు వేసినట్టే ఉండాది మా. ఇంకొక్క అడుగు పోతే పడతాది, ఇంకొక్క అడుగు పోతే పడతాది అనిపిస్తాది." ఆయన చేలో ఆరు బోర్లు ఎండిపోయాయి. ఆ మాట విన్నాక నవ్వు రాలేదు.

నల్లమ్మను బలవంతాన ఒక యంత్రం ముందు కూచోబెట్టారు. ఒకే ఒక బిళ్ల వేసింది. గంటలు మోగాయి, దీపాలు తిరిగాయి, బిళ్లలు కిందికి పొర్లాయి. ఆమె చేతులు రెండూ పైకెత్తి, "నేనేం చేయలేదు నాయనా, దానంతట అదే పగిలిపాయ!" అని ఏడుపు మొదలుపెట్టింది. తిమ్మప్ప ఆనందం చూడాలి. "చూసినారా, మా ప్రెసిడెంటు చేతిలో లక్ష్మి ఉండాది" అన్నాడు. ఆ లక్ష్మిని హర్ష ఒక డబ్బాలో నింపుకుని వెళ్లాడు.

ఇంకో వింత. వెంకటరాముడి క్యాంపు ఇదే ఒడ్డున, నాలుగు అడుగుల దూరంలో. వాళ్ల హోటల్లో కాసినో లేదట, అందుకని సాయంత్రం అయితే మా దాంట్లోకి వస్తారు. ఊళ్లో ఒకరి నీడ ఒకరు తొక్కని తిమ్మప్ప, వెంకటరాముడు ఇక్కడ పక్కపక్క కుర్చీల్లో కూచుని "అన్నా, ఆ మిషను ఇయ్యాల బాగా ఇస్తాండాది, దాని మీదికి రా" అనుకుంటున్నారు. వాళ్ల కోసం మన ఊళ్లో తలలు పగలగొట్టుకున్న వాళ్ల కట్లు ఇంకా విప్పలేదు కదా?

నిన్న స్వాతంత్ర్య దినం. ఈత కొలను పక్కన జెండా ఎగరేశారు. మేనేజరు స్వేచ్ఛ గురించి ఇంగ్లీషులో మాట్లాడాడు. చప్పట్లు కొట్టాం. తర్వాత హర్ష మమ్మల్ని ఆరుగురినీ లెక్కపెట్టుకుని గదుల్లోకి పంపాడు.

నోటుబుక్కు వృథా పోలేదు. నల్లమ్మకు అక్షరాలు దిద్దబెడుతున్నాను. "న" రెండు రోజులకు వచ్చింది. "ల్ల" దగ్గర నన్ను తిడుతోంది.

ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టమని తెచ్చారు. చదివి పెడతానన్నాను.

ప్రశాంతి నాకు రెండు ముక్కలు రాయొచ్చు కదా. మూడో తరగతి పిల్లకు ఉత్తరం రాయడం రాదా?

ఈశ్వరి


నక్కలదిన్నె
23 ఆగస్టు 2001

ఈశ్వరికి,

ఉత్తరం చేరింది. ఇక్కడ అందరం బాగున్నాం. పని ఎక్కువగా ఉండి పొడుగ్గా రాయలేకపోతున్నాను.

మీ ఇంటి ముందు కొత్త మోటారు సైకిలు నిలబడింది. ఎర్రది. తిప్పేష్ కడుపులోది కక్కాడు. నీ ఓటు వెంకటరాముడికి వేయిస్తానని మాటిచ్చాడట. తిమ్మప్ప దగ్గర బోరు, వెంకటరాముడి దగ్గర బండి. ఒక్క ఓటును రెండుచోట్ల అమ్మిన తెలివి మా వంశంలో ఇంతకు ముందు ఎవరికీ లేదు. నేను అడిగితే, "బోరు ఎండిపాయ కదక్కా, దానికి ఓటు చెల్లదు" అన్నాడు.

ప్రశాంతి బాగుంది. మధ్యాహ్నం కదా, పడుకుని ఉంది. తర్వాత రాస్తుంది.

ఆంజినమ్మ


గోవా
28 ఆగస్టు 2001

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగు పేజీలకు తక్కువ రాయని నువ్వు నాలుగు ముక్కలు రాశావు. ట్యాంకరు మాట లేదు. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. మధ్యాహ్నం పూట పిల్ల పడుకుని ఉందని రాశావు. బసప్ప కవరు తిప్పి చూసి, "ఇది అనంతపురం ముద్ర తల్లీ, పోయినసారి ముద్ర వేరే ఊరిది" అన్నాడు. నక్కలదిన్నెలో ఉండి ఉత్తరం వేయడానికి అనంతపురం పోయావా? ఏం జరిగిందో రాయి. తిప్పేష్ సంగతి తర్వాత, బండి సంగతి తర్వాత. ముందు అది రాయి.

నిన్ను అడిగే ముందు నేను దాచింది చెప్పాలి. పోయిన ఉత్తరంలో కాగితాలు చదివి పెడతానన్నానని రాశాను కదా. అప్పటికే పెట్టేశాను. అవి రాజీనామా పత్రాలు. తేదీ లేదు, కారణం లేదు. "ఎన్నికలో అటూ ఇటూ అయితే మేం తేదీ వేసుకుంటాం" అని హర్ష నవ్వుతూ చెప్పాడు. నల్లమ్మ వేలిముద్ర వేసింది, నలుగురు మగవాళ్లు వేశారు, అందరూ నన్నే చూస్తుంటే నేనూ గీకేశాను. పదో తరగతి పాసయిన దాన్ని. ఊళ్లో ఓట్లు అడిగేటప్పుడు "నేను చదువుకున్న దాన్ని, నన్నెవురూ మోసం చేయలేరు" అని నీ పక్కనే నిలబడి అన్నాను. నువ్వు దెప్పుతావని నీకు రాయలేదు.

ఇప్పుడు దెప్పు. కానీ జవాబు మాత్రం వెంటనే రాయి.

ఈశ్వరి


అనంతపురం
1 సెప్టెంబరు 2001

ఈశ్వరీ,

ఈసారి పైన ఊరి పేరు సరిగ్గానే రాశాను.

ప్రశాంతికి కామెర్లు. మొదట జ్వరం అన్నాం, మందు బిళ్ల వేశాం. వారానికి కళ్లు పసుపు పచ్చగా తిరిగాయి. ఆగస్టు ఇరవై ఒకటిన పెద్దాసుపత్రిలో చేర్చాం. క్వారీ నీళ్లే. మన వీధిలోనే ఇంకో నలుగురు పిల్లలు మంచాన పడ్డారు. నేను అంగన్‌వాడీలో కాచి పోశాను, ఇంటికి పోయి తాగిన నీళ్లను కాయలేకపోయాను.

నీకెందుకు రాయలేదంటే, రాస్తే నువ్వేం చేయగలవు? గేటు దగ్గర మనుషులు ఉన్నారు, చేతిలో ఫోను లేదు. ఆ చల్లటి గదిలో కూచుని గోడకు తల కొట్టుకుంటావు. ఒక్కదాన్ని ఇక్కడ కొట్టుకుంటున్నాను, చాలదా అనుకున్నాను. నేను చేసింది తప్పే. నా మీద కోపం తెచ్చుకో, తర్వాత తీరుబడిగా తెచ్చుకో.

ఇంకో మాట కూడా రాయాలి. ఆ పొద్దు బస్సు రాలేదు. పిల్ల వాంతులు చేసుకుంటూ ఒళ్లో వాలిపోయింది. తిప్పేష్ ఆ ఎర్ర బండి మీద నన్నూ పిల్లనూ కూచోబెట్టుకుని ఇంత దూరం తెచ్చాడు. దారి పొడుగునా ఏడుస్తూనే నడిపాడు. ఆ బండి ఎట్లా వచ్చిందో తెలిసి కూడా నేను ఎక్కాను. అందుకే వాణ్ని పూర్తిగా తిట్టడానికి నోరు రావడం లేదు.

డాక్టరమ్మ భయం లేదంటోంది. కానీ బిడ్డ తినడం లేదు. నిద్రలో నిన్ను పిలుస్తోంది. రాగలిగితే రా.

కాగితం సంగతి చదివాను. దెప్పను. నీ స్థానంలో నేనుంటే రెండు సంతకాలు పెట్టేదాన్ని.

ఆంజినమ్మ


అనంతపురం
8 సెప్టెంబరు 2001

వదినకు,

నిన్న నువ్వు బస్సెక్కాక ప్రశాంతి రెండు ఇడ్లీలు తింది. అది ముందు రాస్తున్నాను. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి గానీ, నా చీర చూసి "ఇది గోవాలో కొన్నావా?" అని అడిగింది. ఇక్కడి నుంచి కట్టుకుపోయిన పాత చీరే. చెబితే మొహం ముడుచుకుంది.

మొన్న నేను వచ్చినప్పుడు మనిద్దరికీ ఏడుపులే సరిపోయాయి, ఎట్లా వచ్చానో చెప్పలేదు. నీ ఉత్తరం అందగానే హర్ష దగ్గరికి పోయాను. బిడ్డకు బాగాలేదు, పంపించు అన్నాను. "అక్కా, మా నాయన పెద్ద డాక్టరుకే ఫోన్ చేస్తాడులే. నువ్వు పోతే మా కత ఏం గావాల?" అన్నాడు. గంటకు నా గదికి పళ్ల బుట్ట పంపాడు. దాని మీద రిబ్బను కట్టి ఉంది. కామెర్ల బిడ్డ తల్లికి రిబ్బను!

నల్లమ్మ ఆ బుట్ట చూసింది. నన్ను చూసింది. "నేనూ వస్తా" అంది. "నువ్వు ప్రెసిడెంటు కావాల్సిన దానివి" అంటే, "ప్రెసిడెంటునైతే బిడ్డను చూసే దానికి పోగూడదా? అట్లాంటిది నాకెందుకు?" అంది.

హోటలుకు కూరగాయల లారీ రోజూ పొద్దున్నే బెళగాం నుంచి వస్తుంది, ఖాళీగా పోతుంది. బసప్ప డ్రైవరుతో మాట్లాడాడు. హర్ష మనుషులు దోసెలకు వరసలో నిలబడిన వేళకు మేం తోట వెనక గేటు నుంచి నడుచుకుంటూ బయటికొచ్చాం. ఎవరూ ఆపలేదు. చేతిలో ప్లాస్టిక్ కవర్లు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు ఆ హోటల్లో పనివాళ్లే అనుకుంటారు కదా. ఆ గేటు దగ్గర హోటలు కాపలావాడు "రేపు తొందరగా రండి" అని కూడా అన్నాడు. నల్లమ్మ హిందీలో "అచ్ఛా" అంది. అది టీవీలో నేర్చుకుందట. శిక్షణ బొత్తిగా వృథా కాలేదు.

బెళగాం దాకా ఆ లారీ, అక్కడి నుంచి హుబ్లీ, బళ్లారి. బస్సుల్లో కాళ్లు వాచిపోయాయి. నల్లమ్మను మన ఊళ్లో మా అమ్మ ఇంట్లోనే ఉంచు. తిమ్మప్ప తోటకు పోనివ్వొద్దు.

స్టే తీసేశారట, ఎన్నిక పద్నాలుగున అని పేపర్లో వేశారు. తిమ్మప్పకు ఇప్పుడు నలుగురు, వెంకటరాముడికి ఐదుగురు. ఎటూ చాలరు. మేం ఇద్దరం ఎటు వస్తామని అడగడానికి ఎవరో ఒకరు వస్తారు. వస్తే ఏం చెబుతావో నీ ఇష్టం.

ఈశ్వరి


నక్కలదిన్నె
11 సెప్టెంబరు 2001

ఈశ్వరికి,

ఎవరో ఒకరు కాదు, ఇద్దరూ వచ్చారు. మొన్న పొద్దున తిమ్మప్ప, మధ్యాహ్నం వెంకటరాముడు. ఇద్దరూ నా అంగన్‌వాడీలో పిల్లల చాప మీదే కూచున్నారు, వేరే ఆసనం లేదు.

తిమ్మప్ప, "ఆంజినమ్మా, ఈశ్వరి మా ఇంటి ఆడబిడ్డ లెక్క" అన్నాడు. "అవునన్నా, అందుకే గేటుకు కాపలా పెట్టినావు" అన్నాను. "ఏం కావాలో చెప్పు" అన్నాడు. "ట్యాంకరు" అన్నాను. "ఎన్నిక కానీ" అన్నాడు. "ఎన్నిక తర్వాత మా మరదలికి ఇంకో బిడ్డ లేదన్నా కామెర్లు తెచ్చుకునేదానికి" అన్నాను. లేచి పోయాడు. సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది.

అది చూసి వెంకటరాముడి ట్యాంకరు కూడా వచ్చింది. రెండు రోజులుగా రెండూ పోటీలు పడి వస్తున్నాయి. డ్రైవర్లు "అక్కా, మాది పట్టుకోండి", "మాది తియ్యగుండాయి" అని బతిమాలుతున్నారు. బిందెలు చాలక చాటలు తప్ప అన్నీ నింపాం. రంగమ్మవ్వ గేదెకు తలంటు పోసింది. వీధంతా బురద. మన ఊరు కూడా ఇప్పుడు హోటలే, గది అద్దె నాలుగు రోజుల్లో ముగుస్తుంది, అంతే.

తిప్పేష్ మాట్లాడటం లేదు. నువ్వు ఎటు వేస్తావని వెంకటరాముడు అడిగితే, "నాకు తెలీదన్నా. ఆ యమ్మి ఓటు నాది కాదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు అన్నం పెట్టాను.

నల్లమ్మ ఇక్కడే ఉంది. పలక మీద తన పేరు రాసి ఊరంతా చూపిస్తోంది. "ల్ల"కు ఇంకా కాలు తక్కువ ఉంది.

పదమూడున నేను ఆసుపత్రికి వచ్చి పిల్ల దగ్గర కూచుంటాను. నువ్వు వచ్చి ఓటు వెయ్యి. ఎటు వేస్తావో నాకు చెప్పొద్దు. తెలిస్తే నోరు ఆగదు.

ఆంజినమ్మ


నక్కలదిన్నె
17 సెప్టెంబరు 2001

వదినకు,

నీ నోరు ఇప్పుడు తెరుచుకోవచ్చు, ఎన్నిక అయిపోయింది.

మండలం ఆఫీసులో తిమ్మప్ప వాళ్లు నలుగురు ఒక పక్క, వెంకటరాముడి వాళ్లు ఐదుగురు ఒక పక్క, నాయకులిద్దరూ గుమ్మం దగ్గర. మేమిద్దరం బస్సు దిగి నడిచి లోపలికి పోయి మధ్యలో కూచున్నాం. ఆఫీసరు "పేర్లు ప్రతిపాదించండి" అనగానే నేను లేచాను. "సార్, ముందు ఒక సందేహం. మెంబరు రాజీనామా కాగితం మెంబరు దగ్గర కాకుండా వేరే వాళ్ల సూటుకేసులో ఉంటే చెల్లుతుందా?" అన్నాను.

ఆఫీసరు కళ్లజోడు తీశాడు. "మెంబరును పిలిచి, అడిగి గానీ మేం తీసుకోమమ్మా. ఎవరి కాగితం? ఎవరి సూటుకేసు?"

వదినా, నేను తిమ్మప్ప వైపు చూశాను. నల్లమ్మ లేచింది. తిమ్మప్ప వైపు తిరిగి, "అన్నా, నీ తోటలో ఇరవై ఏండ్లు పని చేసినా. నా వేలు నాకు ఇచ్చేయ్. ఇచ్చినాకే ఓటు" అంది.

తిమ్మప్ప నవ్వబోయాడు. ఇంతలో వెనక నుంచి దాసప్ప, "నాది గూడా ఇచ్చేయన్నా" అన్నాడు. ఇంకొకడు, "నాది గూడా." నలుగురూ. యంత్రాల ముందు అన్ని వారాలు నోరెత్తని మనుషులు! వెంకటరాముడి ఐదుగురు కూడా వాళ్ల నాయకుడి వైపు చూడటం మొదలుపెట్టారు. వాళ్ల కాగితాలు ఆయన కారులో ఉన్నాయట. హర్ష సూటుకేసు తెచ్చి అందరి ముందూ ఆరు కాగితాలు పంచాడు. నల్లమ్మ తన కాగితం తలకిందులుగా పట్టుకుని చూసి, ముక్కలు చేసి, నడుముకు ఉన్న వక్కాకు సంచిలో వేసుకుంది.

అప్పుడు నేనే ఆమె పేరు ప్రతిపాదించాను. ఆరు చేతులు లేచాయి. తిమ్మప్ప మనిషే గెలిచింది, ఆయన దండ వేశాడు, ఫోటో దిగాడు. ఫోటోలో ఆయన నవ్వు ఎట్లా వచ్చిందో చూడాలని ఉంది.

ఇక రెండో సంగతి. మరుసటి రోజే రెండు ట్యాంకర్లూ ఆగిపోయాయి. ఎర్ర బండి కూడా పోయింది. వెంకటరాముడి మనుషులు తీసుకుపోతుంటే తిప్పేష్ తాళాలు తానే చేతికిచ్చి, లోపలికొచ్చి, ప్రశాంతి ఎప్పుడొస్తుందని అడిగాడు. నేను గోవా నుంచి వచ్చాక నాతో అన్న మొదటి మాట అది. జవాబు చెప్పాను. అంతవరకే. మిగతాది పిల్ల వచ్చాక చూసుకుంటాం.

కొత్త ప్రెసిడెంటు ఆఫీసుకు పోయి ట్యాంకరు అడిగింది. "ఫైలు నడుస్తోంది" అన్నారట. "ఎంత దూరం నడిచినాది? ఎదురుపోయి తీసుకొస్తా" అందట. దాని మీద ఇంకొక ఫైలు పెడతామన్నారు. అందుకని ఇరవై నాలుగు, సోమవారం నాడు, కళ్యాణదుర్గం రోడ్డు మీద ఖాళీ బిందెలతో కూచోబోతున్నాం. నల్లమ్మ ముందు వరస, నేను ఆమె పక్కన. దాసప్ప గొర్రెలను కూడా తోలుకొస్తానన్నాడు. పోలీసులు వచ్చి "ప్రెసిడెంటును పిలవండి" అంటే ఏం చెప్పాలో నల్లమ్మ ఇప్పటి నుంచే సాధన చేస్తోంది.

ఆసుపత్రిలో సోమవారమే పంపిస్తామన్నారని నిన్నటి కార్డులో రాశావు. మధ్యాహ్నం బస్సుకు రావొద్దు వదినా, ఆ బస్సును ఆపేది మేమే. బిడ్డను ఎండలో రోడ్డు మీద కూచోబెట్టలేను. మంగళవారం రండి. ఒక్కరోజు ఓపిక పట్టమని దానికి చెప్పు.

ఈశ్వరి


అనంతపురం
20 సెప్టెంబరు 2001

ఈశ్వరికి,

డాక్టరమ్మ పొద్దున కనురెప్పలు లాగి చూసి, తెల్లబడ్డాయంది. నాలుగు సార్లు అడిగాను, నాలుగు సార్లూ అదే అంది. నూనె వద్దు, నీళ్లు కాచి తాగించాలి, ఎండలో తిరగకూడదు. చీటీ మీద అన్నీ రాసిచ్చింది.

నీ ఉత్తరం ప్రశాంతికి చదివి వినిపించాను. మంగళవారం అనగానే మంచం మీద లేచి కూచుంది. "సోమారమే పోదాం" అంది. "మీ అమ్మ బస్సు ఆపుతాదంట, మనం దారిలో ఇరుక్కుంటాం" అన్నాను.

"అత్తా, అమ్మ బస్సుకు అడ్డం కూచుంటే డ్రైవరు తిడ్తాడా?"

"తిడ్తాడు" అన్నాను.

"అయితే ముందు సీట్లో కూచుందాం."

టిక్కెట్లు సోమవారానికే. గొడుగు కొన్నాను.

ఆంజినమ్మ